పొడిగా ముట్టుకోం

తైతా సెగుందో బాయిలరు పక్కన కూలబడి దగ్గుతుంటే, మేస్త్రీ ఎదిల్‌బెర్తో నా నీళ్ళ బకెట్టును కాలితో తన్నాడు.

నీళ్ళు తెల్లటి దుమ్ములోకి పారి జావలా చిక్కబడ్డాయి. ఆ బకెట్టు నేనే మెట్లు దింపుకుని తెచ్చాను. గొట్టాలకు చుట్టిన తెల్లపట్టీలను మగవాళ్ళు చేతులతో పీకుతుంటే పిండిమరలో లేచినట్టు దుమ్ము లేస్తోంది. దాన్ని ఊడ్చి సంచులకెత్తేది మేం ఆడవాళ్ళం. కాస్త తడిపితే అణుగుతుందని నా ఆశ.

“ఏందమ్మా నార్సీసా, ఇదేమన్నా మీ వాకిలా, నీళ్ళు చల్లి ఊడ్చడానికి? తడిస్తే సంచులు బరువెక్కుతాయి. పని కుంటుబడుద్ది. డ్వైర్ ఒప్పుకోడు.”

“ఒప్పుకోకపోతే ఆయన్నే వచ్చి ఊడ్చుకోమను.”

“నోరు తగ్గించు.”

ఎదిల్‌బెర్తో పరాయివాడేం కాదు. ఈక్వడార్‌లో కన్యార్ కొండల్లో మా పక్క ఊరివాడే. ఈ న్యూజెర్సీకి మాలో చాలామందికంటే ముందొచ్చాడు, అందుకని మేస్త్రీ అయ్యాడు. డ్వైర్ కాంట్రాక్టరు. మేం పాత భవనాలను లోపలినుంచి తోడేసే కూలీలం. ఆ వేసవిలో మాకు దొరికిన పని మా పేట బడిలో. సెలవులు అయిపోయేలోపు పాత బాయిలరూ గొట్టాలూ పీకేయాలి. ఆ గది నెత్తినే చిన్నపిల్లల తరగతులు. నా కూతురు మరిబెల్ కూర్చునే గది సరిగ్గా దాని పైన. మేం పీల్చే దుమ్ముకు ఒక పేరుందని కూడా అప్పటికి మాలో ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం డ్వైర్ ఒక తనిఖీ అధికారిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన మెట్ల పైనే ఆగిపోయాడు. బూట్లు కొత్తవి.

“వీళ్ళంతా శిక్షణ పొందినవాళ్ళేనా?” అని అడిగాడు.

డ్వైర్ జేబులోంచి కార్డుల కట్ట తీసి పేకముక్కల్లా పరిచాడు. ఆన్‌లైన్‌లో పాఠం విని, పరీక్ష పాసయ్యామని ఒక్కొక్కరి పేరా ఒక్కో కార్డు. అధికారి పైదాన్ని తీసి చదివాడు. “సెగుందో తెనెసాకా. అన్నీ సరైన జవాబులే. చాలా సంతోషం.”

మేమంతా తైతా వైపు చూశాం. తైతా అంటే మా భాషలో నాన్న. పెద్దవాళ్ళందరినీ మేం అలాగే పిలుస్తాం. ఈ తైతాకు అక్షరం ముక్క రాదు. సంతకం పెట్టమంటే బొటనవేలు చూపిస్తాడు.

“అంత చదివానా నేను?” అన్నాడు మెల్లగా. అందరికీ నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది, నవ్వబోతే దగ్గు ముంచుకొచ్చి మళ్ళీ కూలబడ్డాడు.

అధికారి కారు వెళ్ళిపోయాక మేస్త్రీ దిగొచ్చాడు. తైతా మొహంలోకి చూడలేదు.

“తైతా, రేపట్నించి నువ్వు రావొద్దు. నీ దగ్గు పైదాకా వినపడతంది. వచ్చినోళ్ళకి అనుమానం పుడుద్ది.”

“డ్వైర్ కోసం జీవితమంతా గోడలు కూలగొట్టినోణ్ణి. దగ్గుతున్నానని పంపేస్తావా?”

“నన్నడిగితే నేనేం చెప్పను? పైవాళ్ళ మాట.”

తైతా చేతితొడుగులు విప్పి, బాగా దులిపి, మడత పెట్టి నా చేతికిచ్చాడు. ఇకమీదట నాకు పనికొస్తాయని. దులిపితే లేచిన దుమ్మును అక్కడున్న వాళ్ళమంతా పీల్చాం.

ఆ కార్డులు ఎలా వచ్చాయో చెప్పాలి. మా కొండల్లో బదులుపని అని ఉంది. ఇవాళ నీ చేలో నేను మొక్కజొన్న కోస్తాను, రేపు నా ఇంటికి నువ్వు మట్టిగోడ లేపుతావు. కూలి లేదు, లెక్కా లేదు. తిండి పెడితే చాలు. దేశాలు దాటొచ్చినా ఆ అలవాటు మమ్మల్ని వదల్లేదు. ఒకరి కాన్పుకు ఇంకొకరం, ఒకరి ఇల్లు మారడానికి అందరం. పాత భవనాల్లో దిగాలంటే ప్రతివాడూ ఆన్‌లైన్‌లో పాఠం వినాలి, పరీక్ష రాయాలి అని కంపెనీ చెప్పినప్పుడు కూడా మాకు అదే తోచింది. పాఠం ఇంగ్లీషులో ఉంది. మాలో ఇంగ్లీషు బాగా వచ్చినవాడు విల్ఫ్రిదో ఒక్కడే. చిన్నప్పుడే తల్లి వెంట వచ్చి ఇక్కడ బడికి వెళ్ళాడు. ఈ దేశంలో ఉండటానికి కాగితాలు మాత్రం మాలాగే వాడికీ లేవు.

“మీరు నా బస్తాలు మోయండి, మీ పరీక్షలు నేను రాస్తా” అన్నాడు విల్ఫ్రిదో. మోశాం. రాశాడు. సోయిలా వాడికి పందిమాంసం వేయించి పళ్ళెం నిండా పెట్టింది. మేస్త్రీకి తెలుసు, డ్వైర్‌కూ తెలుసు. తప్పు జవాబు నొక్కితే అది మళ్ళీ నొక్కమంటుంది, ఒప్పు తగిలేదాకా నొక్కడమేనట. దాన్ని మేం మంచితనం అనుకున్నాం. నిజంగా మంచితనమే, కానీ అదే మా కొంప ముంచింది.

సోయిలా అంటే తైతా భార్య. మా మరిబెల్‌కు జ్ఞానస్నానపు తల్లి కూడా. అందుకని మేమిద్దరం ఒకరినొకరు కొమాద్రె అని పిలుచుకుంటాం. ఆ శనివారం లాండ్రీ దుకాణంలో మిషన్ల ముందు నిలబడి నేను పనిబట్టలు దులుపుతుంటే ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“దులపొద్దు కొమాద్రె.”

“ఏం?”

“ఆయన్ని ధర్మాసుపత్రికి తీసుకుపోయా. దాని పేరు ఆస్‌బెస్టాస్ అంట. మన కొండల్లో ఇళ్ళ మీద రేకులు లేవూ, ఆ సరుకేనంట.”

“రేకులా? మా అమ్మ ఆ రేకుల కోసం పాలిచ్చే ఆవునమ్మింది గదే! ఊళ్ళో మాదే మొదటి రేకుల ఇల్లు.”

“కంటికి కనపడని పోగులంట. ఊపిరితిత్తుల్లో దిగబడి ఉండిపోతాయంట. ఎప్పుడో పడుచుతనంలో పీల్చింది ఇప్పుడు బయటపడింది. లోపలంతా మచ్చ కట్టుకుపోయిందంట. తీసెయ్యడానికి మందు లేదన్నాడు డాక్టరు. నన్నూ పరీక్షకు రమ్మన్నాడు.”

“నిన్నెందుకు? నువ్వెప్పుడూ ఆ పనికి పోలేదుగా.”

“ఆయన బట్టలు దులిపింది ఎవరు మరి?”

మరిబెల్ ఆ బట్టల మూట మీదే కూర్చుని అరటికాయ చిప్స్ తింటోంది. దాన్ని రెక్క పట్టుకుని లేవదీశాను. గట్టిగా లాగినట్టున్నాను, ఏడ్చింది. చుట్టూ ఆడవాళ్ళు మిషన్లు ఆపి మావైపు చూస్తున్నారు. అందరి బుట్టల్లోనూ అవే బట్టలు. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. మరిబెల్ గౌనుకంటిన తెల్లటి పొడిని తడిగుడ్డతో తుడిచాను.

ఆదివారం మావాళ్ళు పార్కులో వాలీబాల్ ఆడతారు. పక్కకు ముగ్గురు, నెట్ తలకు మించిన ఎత్తు. చుట్టూ వేయించిన పంది, ఉడికించిన మొక్కజొన్న, మేళం. ఆ ఆదివారం ఆట మొదలుకాకముందే మేం ఆడవాళ్ళం వెళ్ళి నెట్ విప్పేశాం.

“ఏందే ఈ గోల? వారానికి ఒక్క రోజు దొరికితే!” అని అరిచాడు హసింతో. మా జట్టులో గొట్టాలు కోసేది ఇతనే.

“కూర్చో” అంది సోయిలా. “ఇవాళ ఆట లేదు.”

నేను విల్ఫ్రిదో ముందుకెళ్ళి నిలబడ్డాను. “మా అందరి బదులూ నువ్వు విన్నావే, ఆ పాఠం. అది ఇప్పుడు పెట్టు. మాకూ వినపడనీ.”

వాడు తల వంచుకున్నాడు. “నేనూ వినలేదక్కా. సౌండు తీసేసి, మ్యాచ్ చూసుకుంటా నొక్కా.”

“ఒరేయ్, నీ బస్తాలు మోసి నా నడుం పోయింది గదరా!” అన్నాడు హసింతో. ఇంకొకడు బూతు తిట్టాడు. తైతా చెయ్యెత్తితే గాని గొడవ ఆగలేదు.

మేళానికి పెట్టిన స్పీకరుకు ఫోను తగిలించాడు విల్ఫ్రిదో. ఇంగ్లీషులో ఒక ఆడగొంతు, వెనక మంచి సంగీతం. వాడు ఆపి ఆపి స్పానిష్‌లో చెప్పాడు, స్పానిష్ సరిగా రాని ముసలివాళ్ళకు సోయిలా మా కొండభాషలో చెప్పింది. పాత బాయిలర్ల చుట్టూ ఉంటుంది అన్నారు. పొడిగా పీకితే గాలిలో గంటల తరబడి తేలుతుంది అన్నారు. ఊడ్చకూడదు. దులపకూడదు. కాగితపు మాస్కు దాన్ని ఆపదు. ఇంతైతే ఏం కాదు అనే కొలత దానికి లేదు. ఒక చోట విల్ఫ్రిదో పాఠాన్ని వెనక్కి జరిపి మళ్ళీ విన్నాడు.

“చెప్పరా” అన్నాడు తైతా.

“చిరిగి కనపడితే ముట్టుకోవద్దు, పక్కకు తప్పుకుని పైవాళ్ళకు చెప్పండి అంటంది తైతా. ఈ పాఠం విన్నంత మాత్రాన దాన్ని పీకే అర్హత మీకు రాదు అంటంది. పీకడానికి వేరే చదువుందంట. రోజులకు రోజులు దగ్గరుండి చేతులతో నేర్పుతారంట.”

“మళ్ళీ చెప్పు.”

మళ్ళీ చెప్పాడు. పొయ్యి మీద పంది మాడుతోంది, ఎవరూ లేవలేదు.

“అంటే,” అన్నాడు హసింతో నెమ్మదిగా, “ముట్టుకోవద్దనే పాఠం చూపించి, మనచేత ముట్టిస్తన్నాడా?”

అప్పటిదాకా చెట్టుకానుకుని నిలబడ్డ మేస్త్రీ ముందుకొచ్చాడు. “ఊరికే రంకెలెయ్యకండి. రేపు మీకేదన్నా అయితే కంపెనీ ఏమంటదో తెలుసా? వాళ్ళకన్నీ తెలుసు, పాసయ్యారు, కార్డులున్నయ్, తెలిసే దిగారు అంటది. మీరేం చేస్తారు?”

మమ్మల్ని భయపెట్టడానికే అన్నాడు. కానీ ఆ కార్డులు ఎవరి కోసం అచ్చయ్యాయో మాకు వాడి నోటి నుంచే తెలిసింది.

“సరే, మానేద్దాం” అన్నాడు వెనకనించి ఒకడు. “మానేసి ఏం తిందాం? ఎప్పుడో ముసలితనంలో వచ్చే జబ్బు కోసం ఇవాళ్టి కూడు వదులుకోమంటారా?”

తైతా ఊపిరి కూడగట్టుకుని, “నేనూ అప్పట్లో ఇదే మాటన్నా” అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

విల్ఫ్రిదో ఏడుస్తున్నాడు. “నేను మంచే అనుకున్నా. బదులుపనే గదా అనుకున్నా.”

“కోత బదులు కొయ్యొచ్చు, గోడ బదులు లేపొచ్చు” అంది సోయిలా. “ఆయన బదులు నువ్వు దగ్గుతావా? చెప్పు. ఇకనించి ఎవరి పాఠం వాళ్ళే నేర్చుకోవాల. నేర్చుకున్నది పదిమందికి చెప్పాల.”

ఆ రోజు రెండు మాటలనుకున్నాం. ప్లాస్టిక్ తెరలు కట్టి, నీళ్ళతో తడిపి, సరైన మాస్కులిచ్చి, సరైన చదువు చెప్పించేదాకా బాయిలరు గదిలో దిగం. రెండోది, రోజూ సాయంత్రం ఫోనులో పాఠం చెప్తాం, మా భాషల్లో, మా మొహాలతో. అప్పుడే ఆ పాఠాలకు పేరు కూడా పెట్టుకున్నాం: పొడిగా ముట్టుకోం.

ఆ వారం పై అంతస్తులో మామూలు చెక్కలు పీకే పని ఉండబట్టి బతికిపోయాం. సాయంత్రాలు లాండ్రీ దుకాణంలో మిషన్లకు ఎదురుగా ఒక స్టూలు వేసి, ఫోను నిలబెట్టి మొదలుపెట్టాం. మొదటి రోజు నేను మాటలు మర్చిపోయి నిలబడితే ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. హసింతో కాగితపు మాస్కు మీద పిండి చల్లి ఊదాడు, పిండి అంచుల్లోంచి దూరి వాడి మీసాలకంటుకుంది. సోయిలా పనిబట్టలు చూపించి, “ఇవి ఇంటికి తేవొద్దు. ఇక్కడికీ తేవొద్దు, తర్వాత ఉతుక్కునేవాళ్ళకు అంటుకుంటాయి. పని చోటే విప్పి, తడిపి, సంచిలో కట్టెయ్యనివ్వమని అడగండి” అంది. ఆ మాటకు దుకాణం ఆయన ముఖం మాడిపోయింది గాని, మర్నాడు ఆ స్టూలు ఆయనే వేశాడు.

తైతా పాఠానికి మాటలు లేవు. దుకాణం బయట మెట్లున్నాయి. “నేనెక్కుతా, మీరు తియ్యండి” అన్నాడు. ఒక్కో మెట్టు ఎక్కి, గోడ పట్టుకుని, నోరు తెరిచి ఊపిరి కోసం వెతుక్కున్నాడు. ఛాతీలోంచి ఎండుటాకులు నలిగే చప్పుడు వస్తోంది. పైకెక్కాక ఫోను వైపు తిరిగి చెయ్యూపాడు. అంతే. ఆ వీడియో ఎక్కడెక్కడికో పోయింది. టెక్సాస్‌లో కప్పులు వేసేవాళ్ళు చూశారు, షికాగోలో పోలండ్ కూలీలు చూశారు. మా కొండల్నించి ఒక ముసలామె, “మా ఇంటి రేకు పగిలింది, సుత్తితో కొట్టి తీసేయనా నాయనా?” అని అడిగింది. కొట్టొద్దమ్మా, కొయ్యొద్దు, పిల్లల్ని అక్కడ ఆడనివ్వొద్దు అని ఆమెకు చెప్పాం. మా బడిపిల్లల తల్లులు కూడా చూశారు.

డ్వైర్ కూడా చూశాడు. మేస్త్రీ మా ఇంటికొచ్చాడు. “అవి తీసెయ్యమ్మా. సోమవారం బాయిలరు గదిలో దిగకపోతే ఇమిగ్రేషనోళ్ళను పిలుస్తానంటన్నాడు. ఆయన పిలుస్తాడు, నాకు తెలుసు.”

“నువ్వేమంటావు?”

“నేననేదేముంది? నా పేరు మీదా కార్డుంది. దాని పరీక్షా విల్ఫ్రిదోనే రాశాడు.”

ఆ రెండు మూడు రోజుల్లో రెండు కుటుంబాలు ఊరే వదిలి వెళ్ళిపోయాయి. కొందరు సాయంత్రాలు రావడం మానేశారు. వాళ్ళను నేను తప్పుబట్టను. నాకూ భయమే. పొద్దంతా చాకిరీ చేసి, సాయంత్రం ఫోను ముందు నవ్వు మొహం పెట్టి, ఇంటికొచ్చి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడటం. పోరాటమంటే జెండాలూ కేకలూ అనుకునేవాళ్ళకు చెప్తున్నాను, అందులో ఎక్కువ భాగం అలసటే.

సోమవారం పొద్దున బడి గేటు ముందు నిలబడ్డాం. అనుకున్నదానికంటే తక్కువమంది వచ్చాం. తైతా మడతకుర్చీ తెచ్చుకున్నాడు. కాసేపటికి తల్లులు పిల్లలబళ్ళు తోసుకుంటూ వచ్చి మా పక్కన నిలబడ్డారు. డ్వైర్ మమ్మల్ని చూసి ఏమీ అనలేదు. ఫోను తీసి ఎవరితోనో మాట్లాడాడు. వ్యాను వచ్చింది. లోపల కొత్త కూలీలు, హోండురస్‌వాళ్ళు, చేతుల్లో కొత్త తొడుగులు.

నేను వ్యాను కిటికీ దగ్గరకెళ్ళాను. “అన్నా, మీకు కార్డులిచ్చారా?”

“ఇచ్చారుగా, నిన్ననే.”

“పరీక్ష ఎవరు రాశారు?”

అతను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. “మా బావమరిది. బలే చురుకైనోడు.”

మాలో ఎవరూ నవ్వలేదు. అతని నవ్వు కూడా నిలవలేదు. నా వెనక కుర్చీలో ఉన్న మనిషిని చూశాడు. “ఈయన మెట్లెక్కిన తాత కదూ? మా ఆవిడ చూపించింది.”

“నేనే నాయనా” అన్నాడు తైతా. “దిగు, చెప్తా.”

అతను దిగాడు. తర్వాత ఒక్కొక్కరే దిగి, ఏం చెయ్యాలో తెలియక మా పక్కన నిలబడ్డారు.

అప్పుడొచ్చారు పోలీసులు. డ్వైర్ తిన్నగా విల్ఫ్రిదోను వేలెత్తి చూపించాడు. “వీడే. అందరి పేరునా దొంగ పరీక్షలు రాసి నన్ను మోసం చేశాడు.”

పోలీసాయనకు స్పానిష్ వచ్చు. మా వైపు తిరిగాడు. “ఇతను మీ పరీక్షలు రాశాడా?”

రాశాడంటే వాడు పోతాడు, కాగితాల్లేని వాడు, మళ్ళీ వస్తాడో రాడో. మేమే రాశామంటే డ్వైర్ కార్డులు నిజమవుతాయి, తెలిసే దిగామని రుజువవుతుంది, గేటు తెరుచుకుంటుంది. తల్లులు ఫోనులెత్తి పట్టుకున్నారు, అంతా లైవ్‌లో పోతోంది.

విల్ఫ్రిదో ముందుకు నడిచాడు.

“నేనే రాశా” అన్నాడు, ఫోనులన్నిటికీ వినపడేలా. “సౌండు తీసేసి రాశా. కంపెనీకి తెలిసే రాశా. ఆ కార్డుల్లో ఒక్కటీ నిజం కాదు. వాటితో ఎవర్నీ కిందకు దింపడానికి లేదు.”

మేస్త్రీ ఎదిల్‌బెర్తో డ్వైర్ పక్కన నిలబడి ఉన్నాడు. జేబులోంచి తన కార్డు తీసి చూసుకున్నాడు. “తెలిసే” అన్నాడు. “నేనే చెప్పా డ్వైర్‌కి. సరే కానియ్యమన్నాడు.”

“చూశారా,” అన్నాడు డ్వైర్ పోలీసాయనతో, “వీళ్ళకేమీ తెలీదు. ఎవడో రెచ్చగొడితే నిలబడ్డారు.”

పోలీసాయన తైతా వైపు వంగాడు. “నిజమేనా పెద్దాయనా? మీకేం తెలీదా?”

తైతా కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. “పొడిగా ముట్టుకోకూడదు” అన్నాడు. ఊపిరి అందలేదు. హసింతో అందుకున్నాడు, “ఊడ్చకూడదు.” “దులపకూడదు” అంది సోయిలా. “ఇంటికి తేకూడదు” అన్నాను నేను. తల్లులు అన్నారు. ఇందాక వ్యాను దిగినవాళ్ళు మా నోళ్ళు చూసి అన్నారు. అరుపులేం కాదు. బడిపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు, అలసిపోయిన గొంతులతో, ఆగకుండా అప్పజెప్పాం.

అయినా విల్ఫ్రిదో చేతులకు సంకెళ్ళు వేశారు. కారెక్కే ముందు వాడు నా వైపు తిరిగి, “అక్కా, ఇవాళ సాయంత్రం పాఠం నాది” అన్నాడు.

ఆ రోజు బాయిలరు గదిలోకి ఎవరూ దిగలేదు. బడివాళ్ళు వచ్చి గేటుకు తాళం వేశారు. రేపేమవుతుందో మాకు తెలియదు.

సాయంత్రం లాండ్రీ దుకాణంలో నిలబడటానికి చోటు లేదు. వెళ్ళిపోయారనుకున్నవాళ్ళు కొందరు తిరిగొచ్చారు. వ్యానులో వచ్చినవాళ్ళు గోడ వారన కూర్చున్నారు. ఎదిల్‌బెర్తో గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. స్టూలు ఖాళీగా ఉంది.

“వాడి వంతు కదా” అన్నాడు హసింతో. “ఎట్టా?”

“నేర్చుకోవడానికి బదులు కుదరదు గాని, నేర్పడానికి కుదురుద్ది” అన్నాడు తైతా. సోయిలా భుజం పట్టుకుని నడిచి స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఫోను నిలబెట్టి మీట నొక్కాను.

“నా పేరు సెగుందో తెనెసాకా” అన్నాడు. “పరీక్ష పాసయ్యానని నా పేరు మీద ఒక కార్డుంది. అది నేను రాయలేదు. నా బదులు రాసిన పిల్లోణ్ణి ఇవాళ పట్టుకుపోయారు. వాడు తిరిగొచ్చేదాకా ఈ స్టూలు ఖాళీగా ఉండదు. ఇప్పుడు నా పరీక్ష చెప్తా, వినండి.”

అక్కడ ఊపిరి తెగింది. నోరు తెరిచి, గాలి కోసం వెతుక్కుంటూ కూర్చున్నాడు. ఎవరూ మాట అందించలేదు. మిషన్లు ఆపేసి ఉన్నాయి. మేమంతా కాచుకుని నిలబడ్డాం, ఆయన మళ్ళీ మొదలుపెట్టేదాకా.